మిశ్ర చాపు పాటకు పలచని దరువు: 934 దెబ్బల నుంచి 162 వరకు

సరంజామా, కొలతలు

పాట నిడివి 3 నిమిషాల 44 సెకన్లు. మోహన రాగం, మిశ్ర చాపు, అయిదు శ్రుతి. గొంతు మా వదినది, గిటార్ నాది, వేణువు ఒక మిత్రుడిది. ఈ మూడూ రికార్డయ్యాకే డ్రమ్స్ పని మొదలైంది. వాయించేవారు దొరకలేదు, ఇంట్లో డ్రమ్ సెట్టు పెట్టే చోటూ లేదు, అందుకే డ్రమ్మర్ సాఫ్ట్‌వేర్. అది ఏ కంపెనీదో చెప్పను. ఇక్కడ రాసిన ఇబ్బందులు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా కొద్ది తేడాతో ఎదురయ్యేవే. రికార్డింగ్, మిడి (ఏ దెబ్బ ఎప్పుడు, ఎంత గట్టిగా పడాలో రాసుకునే డిజిటల్ పద్ధతి) ఎడిటింగ్ అంతా రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో జరిగింది.

ఇదే దారిలో వెళ్లాలనుకునేవారు ముందుగా ఈ నాలుగు లెక్కలు కాగితం మీద రాసి పెట్టుకోవాలి. తర్వాత ప్రతి మెట్టులోనూ అవసరమవుతాయి.

1. టెంపో 75 (నిమిషానికి 75 క్వార్టర్ నోట్లు, మన మాత్ర అందులో సగం), టైమ్ సిగ్నేచర్ 7/8. ఒక మాత్ర 400 మిల్లీసెకన్లు, ఏడు మాత్రల ఆవర్తనం 2.8 సెకన్లు.
2. పాట మొత్తం 80 ఆవర్తనాలు.
3. రీపర్ మామూలుగా క్వార్టర్ నోటుకు 960 టిక్కులు ఇస్తుంది. అంటే మాత్రకు 480, ఆవర్తనానికి 3,360. ఒక్కో టిక్కు సుమారు 0.83 మిల్లీసెకన్లు.
4. మిడి నోట్లు: కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 36, సైడ్‌స్టిక్ (స్నేర్ డ్రమ్ అంచు మీద కర్ర దెబ్బ) 37. ఇవి 1991 నాటి జనరల్ మిడి పట్టికలోవి. చాలా సాఫ్ట్‌వేర్లు ఈ రెండింటినీ మార్చవు, మిగతావాటికి మాత్రం ఎవరి లెక్క వారిది.

వదిన క్లిక్‌తో (హెడ్‌ఫోన్లలో లయ చూపే చప్పుడు) పాడింది గాని ఆవర్తనానికి ఏడు క్లిక్‌లు వద్దంది. సమం మీద, అంటే ఆవర్తనం మొదటి మాత్ర మీద, ఒక్కటే పెట్టాం. ఆ ఒక్క క్లిక్ వల్ల ఆమె ఎక్కడా తాళం వదల్లేదు. అలాగని ప్రతి మాత్రా గ్రిడ్ (సాఫ్ట్‌వేర్ చూపే కచ్చితమైన కాలపు గీతలు) మీద కచ్చితంగా పడలేదు. ఈ సంగతి మెట్టు 6లో బాగా పని చెప్పింది.

మెట్టు 1: సాఫ్ట్‌వేర్ సొంతంగా వాయించినది

సాఫ్ట్‌వేర్‌లో 7/8 లయలు బాగానే ఉన్నాయి. కాని నాకు కనిపించినవి దాదాపు అన్నీ రాక్ సంగీతపు పద్ధతిలో 2+2+3గా కట్టినవి. మన లెక్కలో అది 4+3. పాట నడిచేది తకిట తకధిమి, 3+4. లూపును ఉన్నదున్నట్టు వేస్తే నాలుగో మాత్ర మీద పడవలసిన ఊనిక అయిదో మాత్ర మీద పడుతుంది. పాట ఒక దారి, డ్రమ్స్ విలోమ చాపులో (తిరగేసిన 4+3) మరో దారి.

చేసిన మార్పు:

1. లూపును అయిదో మాత్ర నుంచి మొదలుపెట్టాను. అప్పుడు మూడు ముందు, నాలుగు తర్వాత వస్తాయి.
2. దాంతో లూపులోని మొదటి కిక్, అంటే అన్నిటికంటే గట్టిది, మన నాలుగో మాత్ర మీదికి వచ్చి కూర్చుంది. దాని వెలాసిటీ (దెబ్బ బలం) 112, మన సమం మీద ఉన్న కిక్‌ది 84. రెండూ తారుమారు చేశాను.
3. వాయింపు ఎంత దట్టంగా ఉండాలో చెప్పే మీటను పూర్తిగా అడుగుకు దించి, 80 ఆవర్తనాల మిడిని ట్రాక్‌లోకి లాగాను.

రకాల వారీగా లెక్క: హైహ్యాట్ (జంట లోహపు పళ్లేలు) 560, కిక్ 168, గోస్ట్ నోట్లు (స్నేర్ మీద వినీ వినబడని దెబ్బలు) 92, సైడ్‌స్టిక్ 80, టామ్‌లు 26, క్రాష్ (పెద్ద లోహపు పళ్లెం) 8.

ఇప్పటివరకు మొత్తం: 934.

మీట అడుగున ఉన్నా ఆవర్తనానికి పదకొండు పైచిలుకు దెబ్బలు. అందులో ఏడు హైహ్యాట్‌వే. ఈ మీట కిక్‌నూ స్నేర్‌నూ తగ్గిస్తుందే తప్ప హైహ్యాట్ ఆగవచ్చన్న ఊహ దానికి లేదు. వదిన ఒక పల్లవి విని హెడ్‌ఫోన్లు తీసేసింది. “గడియారం పట్టుకుని ఎవరో నా వెనకాలే నడుస్తున్నట్టుంది. నేను ఊపిరి తీసుకున్నా అది తీసుకోదు” అంది.

మెట్టు 2: తీసివేతతో కుదరలేదు

మొదట తట్టే ఉపాయం ఉన్నవి చెరిపేయడం. వరుసగా చేశాను:

1. హైహ్యాట్ మొత్తం తీసివేత. మిగిలినవి 374.
2. గోస్ట్ నోట్ల తీసివేత. మిగిలినవి 282.
3. టామ్‌లు, క్రాష్ తీసివేత. మిగిలినవి 248.

ఇప్పటివరకు మొత్తం: 248.

అంకె చూస్తే పలచనే. వింటే మాత్రం పలచగా కాదు, ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది. ఎందుకని మిడిని ముందేసుకుని చూస్తే కారణం కనిపించింది. మూడో మాత్ర రెండో సగంలో చాలా చోట్ల ఒక కిక్ ఉంది. హైహ్యాట్ ఉన్నప్పుడు అది నాలుగో మాత్రలోకి తోసే చిన్న ఊపు. హైహ్యాట్ పోయాక ఆ కిక్‌కు ముందూ లేదు, వెనకా లేదు. అలాగే సైడ్‌స్టిక్ 80 ఆవర్తనాల్లోనూ ఒకే చోట ఉంది, ఎందుకంటే దాని చుట్టూ వైవిధ్యం చూపించే పని గోస్ట్ నోట్లది. ఒకదాన్ని ఆనుకుని ఒకటి కట్టిన దరువులోంచి సగం లాగేస్తే మిగిలిన సగం నిలబడదు.

ఫైలును వేరే పేరుతో దాచి, ట్రాక్ ఖాళీ చేశాను.

ఇప్పటివరకు మొత్తం: 0.

మెట్టు 3: మాటల వెంట దెబ్బలు

పాట సాహిత్యాన్ని గళ్ల కాగితం మీద రాశాను. వరుసకు ఏడు గళ్లు, గడికో మాత్ర. మాట ఎక్కడ మొదలవుతుందో అక్కడ చుక్క, అచ్చు సాగే చోట గీత, వదిన ఊపిరి తీసే చోట సున్న. కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన అన్ని పనులకంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ కాగితమే.

పల్లవిలో ప్రతి పాదమూ సమం మీదే ఎత్తుకుంటుంది. అంటే సమాన్ని గొంతే చూపిస్తోంది, అక్కడ ప్రతిసారీ కిక్ అక్కర్లేదు. నాలుగో మాత్ర దగ్గర అచ్చు సాగుతూ ఉంటుంది, తకధిమి ఎక్కడ మొదలైందో వినేవాడికి అంత తేలిగ్గా అందదు. సైడ్‌స్టిక్ అక్కడ ఉండాలి. చరణాల్లో ఇది తిరగబడింది. పాదం రెండో మాత్రలో ఎత్తుకుంటుంది, సమం ఖాళీ. ఆ ఖాళీలో ఏదో ఒకటి పలికితేనే వదిన ఎత్తుగడకు ఆధారం. అక్కడికి కిక్ బరువు ఎక్కువైంది, కంజీర పెట్టాను.

దీన్నిబట్టి వేసిన ప్రణాళిక, కుడివైపు అంకె అప్పటిదాకా కూడిక:

1. ఆరంభం, 8 ఆవర్తనాలు: ఏమీ లేదు. 0
2. పల్లవి, 12: నాలుగో మాత్రలో సైడ్‌స్టిక్, ఆవర్తనం విడిచి ఆవర్తనం సమం మీద కిక్, చివర 5 దెబ్బల కంజీర ముక్తాయింపు (విభాగాన్ని ముగించే దెబ్బల వరుస). 23
3. వేణువు, 6: షేకర్ 1, 4, 6 మాత్రల్లో. 41
4. మొదటి చరణం, 16: మొదటి సగం సమం మీద కంజీర ఒక్కటే. రెండో సగం 1, 4 మాత్రల్లో కంజీర, విడిచి విడిచి కిక్. 69
5. పల్లవి, 6: సైడ్‌స్టిక్, విడిచి విడిచి కిక్. 78
6. వేణువు, 4: షేకర్. 90
7. రెండో చరణం, 16: నాలుగు ఆవర్తనాలు ఖాళీ, నాలుగింట సమం మీద కంజీర, చివరి ఎనిమిదింట 1, 4 మాత్రల్లో కంజీర, ప్రతి సమం మీదా కిక్, షేకర్. 142
8. పల్లవి, 8: సైడ్‌స్టిక్, ప్రతి సమం మీదా కిక్, షేకర్, చివర 15 దెబ్బల ముక్తాయింపు. 197
9. ముగింపు, 4: సమం మీద ఒక్క కంజీర దెబ్బ. 198

ఇప్పటివరకు మొత్తం: 198.

మెట్టు 4: ఒంటరి దెబ్బను కొలవడం

దట్టమైన వాయింపులో ఒక దెబ్బ లోపాన్ని పక్క దెబ్బ కప్పేస్తుంది. ఇక్కడ ఒక్కో దెబ్బ చుట్టూ సెకను, రెండు సెకన్ల ఖాళీ. సాఫ్ట్‌వేర్‌లో బాగానే ఉందనుకున్న శబ్దాలన్నీ మళ్లీ మొదటి నుంచి పరీక్షకు వచ్చాయి.

సైడ్‌స్టిక్ పొరలు. వెలాసిటీ 40 నుంచి 90 వరకు ఒక్కో అంకెకు ఒక్కో దెబ్బ పెట్టి ఆడియోగా మార్చి, ఎత్తులు చూశాను. 71 వరకు మెత్తగా పెరుగుతూ వచ్చి, 72 దగ్గర ఒక్కసారిగా 3.5 డెసిబెల్స్ ఎగిరింది. శబ్దం రంగు కూడా మారింది: చెక్క మీద చెక్క పడిన ధ్వని పోయి రిమ్ లోహం పలికింది. అది రెండు శాంపిల్ పొరల (వేరువేరు బలాలతో కొట్టి రికార్డు చేసిన శబ్దాల) మధ్య అతుకు. జోరు వాయింపులో ఆ అతుకు తెలియదు. 2.8 సెకన్లకు ఒకసారి కొట్టేటప్పుడు ఒక దెబ్బ 70, తర్వాతది 74 అయితే వాయించేవాడు మధ్యలో కర్ర మార్చినట్టే ఉంటుంది. సైడ్‌స్టిక్ అంతటినీ 54 నుంచి 68 మధ్య కట్టేశాను. ఈ పరీక్ష పావుగంట పని. ప్రతి వాద్యానికీ చేయండి.

దీనికి భిన్నంగా, అందరూ భయపెట్టే శాంపిల్ పునరావృతం ఇక్కడ పెద్ద సమస్య కాలేదు. ఒకే వెలాసిటీతో వరుసగా కొట్టించి, పక్కపక్కన పెట్టి, ఒకదాని పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూస్తే అయిదో దెబ్బ మొదటి దెబ్బను పూర్తిగా రద్దు చేసింది. అంటే నాలుగు శాంపిళ్లే తిరుగుతున్నాయి. ఇంత దూరం దూరంగా పడే దెబ్బలకు ఆ నాలుగూ చాలు.

కిక్ స్వరం. పల్లవిలో కిక్ పడినప్పుడల్లా గొంతు కాస్త తగ్గు శ్రుతిలో ఉన్నట్టు అనిపించింది. గొంతు సరిగ్గానే ఉంది. స్పెక్ట్రమ్ చూస్తే కిక్ అడుగు స్వరం 58 హెర్ట్జ్ దగ్గర ఉంది. అయిదు శ్రుతికి అది సాధారణ గాంధారం, మోహనలో లేని స్వరం. మూడు సెమిటోన్లు దించితే 49 హెర్ట్జ్, అంటే కింది స్థాయి షడ్జమం. సాఫ్ట్‌వేర్‌లో పిచ్ మీటను అంత దించితే తోక కూడా సాగింది, దాన్ని 450 మిల్లీసెకన్లకు కుదించాను. గొంతు మీద చేయి వేయకుండానే శ్రుతి కుదిరింది.

శబ్దం వెనక హిస్ (బుస్సుమనే సన్నని చప్పుడు). ఇదొక్కటే నన్ను బాగా విసిగించింది. శాంపిళ్లు నిజమైన గదిలో రికార్డు చేసినవి, ఆ గది గాలి కూడా వాటితోపాటు వస్తుంది. దెబ్బతో మొదలై, తోకతో ఆగిపోతుంది. ఆగినప్పుడు వచ్చే బోసితనం హెడ్‌ఫోన్లలో స్పష్టంగా వినబడింది. నాయిస్ గేట్ (చిన్న శబ్దాలను మూసేసే పరికరం) పెడితే ఇంకా హెచ్చింది, ఎందుకంటే గేట్ ఆ ఆగడాన్నే మరింత పదును పెడుతుంది. చివరికి పనిచేసింది తీసివేత కాదు, చేర్పు. వదిన పాడిన గదిలోనే ఎవరూ మాట్లాడని నిమిషం ఒకటి రికార్డయి ఉంది. దాన్ని పాట పొడవునా −62 డెసిబెల్స్ దగ్గర పరిచాను. హిస్ వచ్చిపోవడం ఆ పరుపు కింద కనబడకుండా పోయింది.

మెట్టు 5: కంజీర శాంపిళ్లు ఇంట్లోనే

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఫ్రేమ్ డ్రమ్‌ను కంజీరగా ఒప్పుకోవడం కష్టం. గుండ్రటి చట్రం, తోలు ఉన్నంత మాత్రాన ఆ అడుగు నాదం రాదు. పాతకాలపు కంజీరలు పనస చెక్క చట్రానికి ఉడుము తోలు బిగించినవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉడుము రక్షిత జంతువు. నా దగ్గర ఉన్నది మేకతోలుది.

1. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, మైకు వెనక రెండు బొంతలు వేలాడదీశాను. మైకు తోలుకు 40 సెంటీమీటర్ల దూరంలో, నేరుగా కాకుండా కొంచెం ఓరగా.
2. తోలు లోపలివైపు వేళ్లతో నీళ్లు చిలకరించి, అరచేత్తో రాసి, నీరు ఇంకే వరకు ఆగాను.
3. మూడు రకాల దెబ్బలు: నాదం విడిచిపెట్టే ‘తొం’, మధ్యలో మూసే ‘త’, అంచు మీద వేలి దెబ్బ. ఒక్కోదానికి నాలుగు మంచి శాంపిళ్లు.
4. రీపర్‌తో వచ్చే రీశాంపులోమాటిక్‌5000లో నాలుగు శాంపిళ్లకు నాలుగు నోట్లు ఇచ్చాను. ఏ దెబ్బకు ఏది వాడాలో నేనే ఎంచుకున్నాను, యంత్రానికి వదల్లేదు.

మొదటి విడత పనికిరాలేదు, నీళ్లే కారణం. తడిపిన వెంటనే ‘తొం’ అడుగు స్వరం 74 హెర్ట్జ్ దగ్గర ఉంది. అయిదు శ్రుతికి కింది స్థాయి పంచమం 73.4, కావలసింది అదే. ఇతర దెబ్బలు తీసుకుంటూ ఉంటే, ఫ్యాన్ లేని గదిలోని వేడికి తోలు ఆరుతూ వచ్చింది. చివర తీసిన ‘తొం’లు 88 దగ్గర పలికాయి. వాటిని సాంప్లర్‌లో దించితే మూడు సెమిటోన్లకు పైనే దించాలి, అప్పుడు నాణేల జత గలగల మందకొడిగా సాగి తుప్పు పట్టిన ధ్వని వచ్చింది. రెండో విడతలో వరుస తిప్పేశాను: తడిపిన వెంటనే ‘తొం’, తర్వాత ‘త’, తోలు ఆరి బిగిశాక అంచు దెబ్బలు. అంచు దెబ్బలకు బిగువు తోలే నయం కూడా.

శాంపిల్ ముందున్న నిశ్శబ్దాన్ని కత్తిరించేటప్పుడు జాగ్రత్త పడాలి. మొదట కత్తిరించినవాటిలో 12 మిల్లీసెకన్లు మిగిలిపోయి ప్రతి దెబ్బా ఆలస్యమైంది. మరీ దగ్గరగా కోస్తే వేలు తోలును తాకే తొలి చప్పుడు పోయి ‘టక్’ మంది. దెబ్బకు ఒక మిల్లీసెకను ముందు కోసి, అంతే పొడవు ఫేడ్ ఇస్తే కుదిరింది.

మెట్టు 6: ఎప్పుడు కొట్టాలి

సాఫ్ట్‌వేర్‌లో ‘హ్యూమనైజ్’ అనే మీట ఉంటుంది. దెబ్బల్ని యాదృచ్ఛికంగా ముందుకూ వెనక్కూ జరుపుతుంది. ±20 మిల్లీసెకన్లు పెట్టి విన్నాను. పలచని దరువులో ఇది చేటు. మనిషి గ్రిడ్ తప్పడంలో ఒక పద్ధతి ఉంటుంది: ఒకే చోట, ఒకే వైపు, దాదాపు అంతే దూరం తప్పుతాడు. చీట్లు తీసినట్టు తప్పడు. స్వింగ్ మీటదీ అదే కథ. రోజర్ లిన్ ఎల్‌ఎం‑1 డ్రమ్ మెషిన్ (1980) నాటి నుంచి ఉన్న ఆ సదుపాయం రెండో పదహారో నోటును (ఇక్కడి అర మాత్ర) ఆలస్యం చేస్తుంది. ఈ పాటలో ముక్తాయింపులు తప్ప పదహారో నోట్లే లేవు. రెండు మీటలూ సున్నాకు దించాను.

చేత్తో చేసిన సర్దుబాట్లు వాద్యాన్నిబట్టి వేరువేరుగా వచ్చాయి.

సైడ్‌స్టిక్. నాలుగో మాత్రలో నా బొటనవేలు గిటార్ మీద లావు తీగను మీటుతుంది. సైడ్‌స్టిక్ గ్రిడ్ మీద, తీగ గ్రిడ్‌కు కాస్త వెనక. తేడా ఇరవై మిల్లీసెకన్లు దాటిన చోటల్లా ఒక దెబ్బ రెండుగా చీలి వినబడింది. గిటార్ తరంగంలో తీగ మొదలయ్యే చోటు చూసి, సైడ్‌స్టిక్‌ను అక్కడికే జరిపాను. 26 దెబ్బలే కనుక ఒక్కోదాన్నీ పట్టుకుని జరపడం సాధ్యమైంది. 934 అయితే ఎవరూ కూర్చోరు.

పల్లవి కిక్. ఇక్కడ తోడు గొంతు. పల్లవిలో ఒక పాదం ‘సందె’ అనే మాటతో ఎత్తుకుంటుంది. తరంగంలో ‘స’ బుసబుస సమానికి చాలా ముందే మొదలవుతుంది. కిక్‌ను ఆ మొదలుకు కలిపితే తొందరపడినట్టు ఉంది. చెవి లయను పట్టుకునేది హల్లు దగ్గర కాదు, అచ్చు దగ్గర. వదిన ‘స’ మొదలు నుంచి అచ్చు మొదలు వరకు 90 మిల్లీసెకన్లు ఉంది. అచ్చుకు కలిపితే కిక్ మాటలోకి దిగిపోయింది. క, ద, బ లాంటివాటితో మొదలయ్యే పాదాల్లో ఈ దూరం చాలా తక్కువ, తరంగం మొదలును నమ్మవచ్చు.

చరణం కంజీర. ఖాళీ సమం మీద పడుతుంది, కలవడానికి ఎవరూ లేరు. ఇక్కడ కొలత లేదు, ఉన్నది వదిన అభిప్రాయమే. “వదినా, ఇది చూడు” అని మూడు రకాలు వినిపించాను: 12 టిక్కులు ముందు, గ్రిడ్ మీద, 18 టిక్కులు వెనక. ముందుది వినగానే “ఎందుకు తరుముతున్నావు?” అంది. వెనకది, అంటే 15 మిల్లీసెకన్ల ఆలస్యం, ఉంచాం.

షేకర్. దీన్ని గ్రిడ్ మీద పెట్టినవారందరికీ అది వెనకబడినట్టే వినబడుతుంది. గింజలు డబ్బా గోడను చేరడానికి సమయం పడుతుంది కాబట్టి శబ్దం మెల్లగా ఎక్కుతుంది. నా శాంపిల్‌లో మొదలు నుంచి శిఖరానికి 46 మిల్లీసెకన్లు. ట్రాక్ మొత్తాన్ని 40 మిల్లీసెకన్లు, అంటే 48 టిక్కులు, ముందుకు లాగాను. ముందుకు ఊపే శాంపిల్, వెనక్కు ఊపే శాంపిల్ వేరువేరుగా ఉంటే 1, 6 మాత్రలకు ముందుది, 4కు వెనకది వాడండి. మూడింటికీ ఒకటే వాడితే చేయి తిరిగి రాకుండానే మళ్లీ ఊపినట్టు ఉంటుంది.

ఇప్పటివరకు మొత్తం: 198. ఈ మెట్టులో స్థానాలే మారాయి, అంకె మారలేదు.

మెట్టు 7: ముక్తాయింపు

డ్రమ్మర్ సాఫ్ట్‌వేర్‌కు విభాగం ముగిసిందంటే టామ్‌ల మీద పరుగు, తర్వాత క్రాష్. మన సంప్రదాయంలో ముక్తాయింపు లెక్క వేరు. ‘తదిగిణతొం’ మూడుసార్లు, అయిదు మూళ్లు పదిహేను. ఆవర్తనానికి పద్నాలుగు అర మాత్రలు. కాబట్టి అంతకుముందు ఆవర్తనంలోని చివరి అర మాత్రలో ఎత్తుకుంటే సరిగ్గా సమానికి వచ్చి దిగుతుంది. అర మాత్ర 200 మిల్లీసెకన్లు, మొత్తం మూడు సెకన్లు.

పదిహేను దెబ్బలూ వేసి విన్నాను. లెక్క తప్పలేదు, దిగడమూ బాగుంది. కాని మూడున్నర నిమిషాలు నోరు మెదపని వాద్యం చివరికి ఉపన్యాసం ఇచ్చినట్టయింది. వెలాసిటీ తగ్గించి చూశాను, దూరంగా వినబడింది గాని దట్టం తగ్గలేదు. ‘తొం’లు మాత్రమే ఉంచితే సమానికి అర మాత్ర ముందు ఒక దెబ్బ పడి, సమం మీది అసలు దెబ్బను మింగేసింది. చివరికి ప్రతి ‘తదిగిణతొం’లో మొదటి ‘త’ ఒక్కటే ఉంచి తక్కిన నాలుగూ తీసేశాను. అయిదు అర మాత్రలకు ఒకటి, అంటే సరిగ్గా సెకనుకు ఒక దెబ్బ. మూడు దెబ్బలు తాళానికి అడ్డంగా నడిచి, నాలుగోది సమం మీద. తాళం తెలిసినవారు తక్కిన పన్నెండూ తామే వేసుకుంటారు. తెలియనివారికి ఏదో ముగుస్తోందని అందుతుంది.

మొదటి పల్లవి చివరి అయిదు దెబ్బల ముక్తాయింపును అలాగే ఉంచాను. అక్కడ గొంతు ఆగి ఉంది, చోటుంది.

ఇప్పటివరకు మొత్తం: 186.

మెట్టు 8: మిక్స్

కంప్రెసర్. మొత్తం పాట మీద ఒక కంప్రెసర్ (శబ్దం హెచ్చినప్పుడు అణిచే పరికరం) ఉంచడం నా అలవాటు. కిక్ పడిన ప్రతిసారీ అది రెండున్నర డెసిబెల్స్ అణిచి, 300 మిల్లీసెకన్లలో తేరుకుంటోంది. నిండుగా ఉన్న పాటలో ఇది ఊపు. ఇక్కడ మాత్రం సమం మీద గొంతు కుంగి, మళ్లీ లేచింది. కంప్రెసర్ వినే సంకేతంలో 120 హెర్ట్జ్ కింద కోసేస్తే కిక్ దాని దృష్టిలో పడకుండా పోయింది. గొంతు నిలబడింది.

రివర్బ్ (గది ప్రతిధ్వని). ఖాళీలు ఎక్కువ కదా అని పెద్ద హాల్, 2.6 సెకన్ల తోక పెట్టాను. ఒక దెబ్బ తోక తర్వాతి దెబ్బ దాకా పాకింది. ఖాళీలు పూడిపోయాయి, ఇక దెబ్బలు తగ్గించి ఏం లాభం? సైడ్‌స్టిక్‌కు 0.9 సెకన్లు, కంజీరకు అంతకంటే తక్కువ, కిక్‌కు అసలు లేదు. సాఫ్ట్‌వేర్‌లోని రూమ్ మైకును కూడా పూర్తిగా దించి, దగ్గరి మైకు, ఓవర్‌హెడ్ మాత్రం ఉంచాను.

ఫోను. 49 హెర్ట్జ్ కిక్ ఫోను స్పీకర్‌లో లేనే లేదు. పల్లవిలో సమం పోయింది. కిక్ మోత పెంచితే హెడ్‌ఫోన్లలో గుండె అదిరింది. కొద్దిగా శాచురేషన్ వేసి, 98, 147 హెర్ట్జ్ దగ్గర పైస్వరాలు పుట్టిస్తే ఫోనులో కిక్ ఆనవాలు వచ్చింది, హెడ్‌ఫోన్లలో బరువు పెరగలేదు.

మెట్టు 9: రెండో చరణం షేకర్

మిక్స్ విని వదిన అడిగింది ఒక్కటే: “రెండో చరణంలో ఆ ఇసక చప్పుడు ఉండాలా?” అక్కడ 24 షేకర్ దెబ్బలు ఉన్నాయి. పాట పైకి ఎక్కుతోందని తెలియడానికి పెట్టినవి. తీసిన మిక్స్, ఉంచిన మిక్స్ రెండూ ఒకే ఎత్తుకు తెచ్చి పక్కపక్కన విన్నాం. ఉంచిన దానిలో చరణం నిండుగా ఉంది, కాని చివరి పల్లవికి షేకర్ వచ్చిన సంగతి తెలియలేదు, అది అప్పటికే నడుస్తోంది కనుక. తీసిన దానిలో చరణాన్ని కంజీర, కిక్ రెండే మోశాయి, పల్లవి తలుపు తీయగానే షేకర్ వచ్చింది.

24 తీసేశాం. వాద్యాల వారీగా చివరి లెక్క: షేకర్ 54, కంజీర 53, కిక్ 29, సైడ్‌స్టిక్ 26.

మొత్తం: 162.

నాలుగు వాద్యాలనూ వేరువేరు ఫైళ్లుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీసి, మిడి ఫైలును కూడా వాటి పక్కనే పెట్టాను. షేకర్ ఫైలు పేరులోనే ‘40 మిల్లీసెకన్లు ముందు’ అని రాశాను. రేపు ఇంకెవరైనా తెరిచి, గ్రిడ్ మీద లేదని సర్దేస్తే పాట మళ్లీ వెనకబడుతుంది.